అమ్మ గ్యాలరీలో తైవాన్

2025 అక్టోబర్ 28 రాత్రి మొంథా తుపాను నరసాపురం దగ్గర తీరం దాటుతున్న సమయానికి కాకినాడలో మా వీధికి కరెంటు లేదు. బయట కొబ్బరిచెట్లు ఊగిపోతున్న చప్పుడు. ఎమర్జెన్సీ లైటు వెలుతురులో అమ్మా నేనూ మంచం మీద కూర్చున్నాం. ఫోన్‌లో సిగ్నల్ ఒక గీత వస్తోంది, పోతోంది. ఇంకో తొమ్మిది రోజుల్లో మేమిద్దరం తైవాన్ బయల్దేరాలి.

"నీ ఫోన్ ఇటియ్యమ్మా. నెట్ లేకపోతే ఇందులో ఏది పనిచేస్తుందో ఇప్పుడే చూసేద్దాం" అన్నాను.

అప్పటికి వారం నుంచి ఆ ఫోన్‌లో యాప్‌లు వేస్తూ ఉన్నాను. అనువాదానికి ఒకటి, చైనీస్ నిఘంటువు ఒకటి, మ్యాప్, బస్సుల టైమింగులు, హైస్పీడ్ రైలు, టాక్సీ, వాతావరణం, కరెన్సీ లెక్క, అక్కడివాళ్లందరూ వాట్సాప్‌లా వాడే లైన్. మొత్తం తొమ్మిది. ఒక్కొక్కటే తెరిచాను. అనువాదం యాప్ నెట్ అడిగింది. మ్యాప్ బూడిదరంగులో ఖాళీగా ఉండిపోయింది. టాక్సీ యాప్ గుండ్రంగా తిరుగుతూనే ఉంది. తొమ్మిదిలో అమ్మకి ఆ రాత్రి అక్కరకొచ్చేది ఒక్కటీ లేదు. నేను ఇంకా వెతుకుతుంటే అమ్మ నా చేతిలోంచి ఫోన్ తీసుకుని గ్యాలరీ తెరిచి, మా బాబు స్కూల్ యాన్యువల్ డే ఫొటోలు చూసుకోవడం మొదలెట్టింది. వేలితో పక్కకి జరుపుతోంది, రెండు వేళ్లతో పెద్దది చేస్తోంది, మళ్లీ చిన్నది చేస్తోంది. ఎవరూ నేర్పకుండానే ఆ ఫోన్‌లో అమ్మకి పూర్తిగా పట్టుబడిన పని అదొక్కటే.

తైవాన్‌ని ఆ గ్యాలరీలోనే పెట్టాలని నాకు అప్పుడు తోచింది.

మా చెల్లి వాళ్లు తైవాన్‌లో షిన్‌చూ అనే ఊళ్లో ఉంటారు. 1980లో అక్కడ సైన్స్ పార్క్ పెట్టారు, కంప్యూటర్ చిప్‌ల కంపెనీలు చాలా వరకు ఆ చుట్టుపక్కలే. మా మరిది ఉద్యోగం అందులోనే. చెల్లికి తొలి కాన్పు, డాక్టరు ఇచ్చిన తేదీ నవంబర్ మధ్యలో. పురుడు పొయ్యడానికి అమ్మ వెళ్లి తీరాలి, మూడు నెలలుండాలి. తోడుగా నేను వెళ్తాను. కానీ నాది మందుల షాపు. రెండు వారాలకి మించి మూసిపెట్టలేను. నేను తిరిగొచ్చాక చెల్లి పచ్చి బాలింత, మరిది ఆఫీసులో, అమ్మ ఆ ఊళ్లో కూరగాయలకీ బస్సుకీ తనంతట తాను తిరగాలి. అమ్మ ఏడో తరగతి దాకా చదివింది. తెలుగు పేపరు మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా చదువుతుంది. ఇంగ్లీషు అక్షరాలు ఒక్కొక్కటీ గుర్తుపడుతుంది, మాటగా చదవలేదు. నాన్న పోయిన ఈ నాలుగేళ్లలో ఊరు దాటి ఒంటరిగా ఎక్కడికీ వెళ్లలేదు.

నేను వేసిన తొమ్మిది యాప్‌లూ నాలాంటి మనిషికి సరిపోయేవి. ఆవిడ చేతికి సరిపోయేవి వేరే ఉండాలి. తుపాను వెళ్లిన మర్నాటి నుంచి పని మళ్లీ మొదటికొచ్చింది.

ముందు అనువాదం సంగతి. గూగుల్ ట్రాన్స్‌లేట్‌లో భాషల్ని ముందే దించుకుంటే నెట్ లేకుండా పనిచేస్తుంది, తెలుగు కూడా ఉంది. చైనీస్ దగ్గర మాత్రం రెండు రకాలు కనిపిస్తాయి, సరళ లిపి ఒకటి, సంప్రదాయ లిపి ఒకటి. చైనాలో రాసేది సరళ లిపి. తైవాన్‌లో, హాంకాంగ్‌లో పాతకాలం నుంచి వస్తున్న సంప్రదాయ లిపి. నేను తెలియక మొదట సరళం దించాను. మరిది ఫోన్ చేసి చెప్పాడు కాబట్టి సరిపోయింది. తేడా ఎంతుందో నేను చూసింది మందు అనే అక్షరంలో. సంప్రదాయ లిపిలో పైన మొక్కని సూచించే గడ్డి గుర్తు ఉంటుంది, దాని కింద సంతోషం అని అర్థమొచ్చే అక్షరం. కింది భాగం ఉచ్చారణ కోసం పెట్టిందేనట. అయినా రోజంతా మందులమ్మే నాకు మొక్క కింద సంతోషం అనేది ఎంతో నచ్చింది. సరళ లిపిలో ఆ కింది భాగం మారిపోయి సగం గీతలే మిగిలాయి. షిన్‌చూ వీధుల్లో నేను సొంతంగా చదివిన మొదటి బోర్డు మందుల షాపుదే.

ఇక షుగర్. చైనీస్ దేశాలకి పెద్దవాళ్లని తీసుకెళ్లే ప్రతి తెలుగువాళ్లూ దీన్ని ఒకసారి తమ ఫోన్‌లో చేసి చూడాలని నా కోరిక. "మా అమ్మకి షుగర్ ఉంది" అని తెలుగులో చెప్పాను. చైనీస్‌లో ఏదో వచ్చింది. చూడ్డానికి బాగానే ఉంది. అనుమానం వచ్చి ఆ చైనీస్‌నే కాపీ చేసి తిరిగి తెలుగులోకి మార్చాను. "మా అమ్మ దగ్గర చక్కెర ఉంది" అని వచ్చింది. ఒళ్లు జలదరించింది. అమ్మ ఎక్కడైనా కళ్లు తిరిగి కూలబడితే, పక్కవాళ్లకి ఈ ఫోన్ చూపిస్తే వాళ్లు చదివేది ఇదన్నమాట. షుగర్, బీపీ, గ్యాస్ లాంటివి మన ఇళ్లల్లో జబ్బుల పేర్లు, యాప్‌కి మాత్రం అవి మామూలు ఇంగ్లీషు మాటలు. "మధుమేహం" అని పెడితే సరిగ్గా వచ్చింది.

ఆ సరైన చైనీస్ మాట తాంగ్ న్యావ్ బింగ్. నిఘంటువులో ఒక్కో అక్షరం విడదీసి చూశాను. తాంగ్ అంటే చక్కెర, న్యావ్ అంటే మూత్రం, బింగ్ అంటే రోగం. మన మధుమేహంలో కూడా మధు, మేహం. మేహం అంటే మూత్రరోగమే కదా. ఎంత దూరంగా ఉన్న రెండు భాషలు ఒకే జబ్బుని ఒకేలా చూసి పేరు పెట్టాయి! అమ్మకి చెప్తే "చీమలు పట్టేది చూసి పెట్టుంటారు అక్కడా" అంది.

ఆ తర్వాత నాకు నేనే ఒక నియమం పెట్టుకున్నాను. ఏ వాక్యం చైనీస్‌లోకి మార్చినా తిరగేసి తెలుగులోకి తెచ్చి చూడాలి. వాక్యం పొట్టిగా ఉండాలి. మనం మాట్లాడేటప్పుడు మింగేసే నేను, మీరు లాంటివి పూర్తిగా రాయాలి. "వెళ్లాలి, ఎక్కడ ఎక్కాలి" అంటే ఎవరు, ఎక్కడికి అనేది దానికి తెలియదు. "నేను ఈ చిరునామాకి వెళ్లాలి. బస్సు ఎక్కడ ఆగుతుంది?" అంటే దారిలోకి వస్తుంది.

అలా పన్నెండు వాక్యాలు తయారుచేశాను. మరిది వాటిని తన ఆఫీసులో తైవాన్ సహోద్యోగి ఒకావిడకి చూపించాడు. ఆవిడ నాలుగు దిద్దింది. యాప్ ఎంత మంచిదైనా ఆ ఊరి మనిషి ఒక్కరు చూడటం వేరు. ఆ పన్నెండింటినీ పన్నెండు బొమ్మలుగా చేశాను. పైన తెలుగులో చిన్నగా, అమ్మకి తెలియడం కోసం. కింద స్క్రీన్ నిండా చైనీస్ అక్షరాలు, ఎదుటివాళ్లు కళ్లజోడు లేకుండా చదవగలిగేంత పెద్దగా. తెల్ల నేల మీద నల్ల అక్షరాలు. మామూలు ఫొటోల్లాగే గ్యాలరీలో సేవ్ చేసి "తైవాన్" అని ఆల్బమ్ పెట్టాను. నెట్ అక్కర్లేదు, యాప్ అప్‌డేట్ అడగదు, పాస్‌వర్డ్ అడగదు. మొదటి బొమ్మ ఇంటి చిరునామా. రెండోది "నాకు మధుమేహం ఉంది. కళ్లు తిరుగుతున్నాయి. తియ్యటి పానీయం ఏదైనా ఇవ్వండి." మూడోది "దయచేసి ఈ నంబరుకి ఫోన్ చెయ్యండి" అని, కింద మరిది నంబరు. నాలుగోది మందుల పేర్లు. అందులో బ్రాండ్ పేర్లు తీసేసి అసలు పేర్లు రాశాను. మన దగ్గర రోజూ అడిగే బ్రాండ్ పేరు అక్కడి ఫార్మసిస్టుకి తెలియకపోవచ్చు, మెట్‌ఫార్మిన్ అంటే ఎక్కడైనా తెలుస్తుంది.

చిరునామా దగ్గర చాలాసేపు పట్టింది. చెల్లి వాట్సాప్‌లో పంపింది ఇంగ్లీషు అక్షరాల్లో ఉంది. మ్యాప్‌లో వెతికితే అదే వీధి ఇంకోలా కనిపించింది. అక్కడ చైనీస్ పేర్లని ఇంగ్లీషులో రాసే పద్ధతులు ఒకటి కంటే ఎక్కువ. షిన్‌చూ పక్కనే జుబెయ్ అనే ఊరుంది. దాని పేరు ఒకచోట సి-హెచ్‌తో మొదలవుతుంది, ఇంకోచోట జెడ్-హెచ్‌తో, మరోచోట జె-హెచ్‌తో. మూడూ ఒకే ఊరు. అందుకని చిరునామా చైనీస్ అక్షరాల్లోనే దగ్గరుండాలి, ఏ టాక్సీ ఆయనకైనా అదే తెలుస్తుంది. నంబర్ల లెక్క మాత్రం చక్కగా ఉంటుంది. రోడ్డుకి సెక్షన్లు, సెక్షన్‌లో సందులు, సందులో చిన్న సందులు. 125వ సందు అంటే పెద్ద రోడ్డు మీద 125వ నంబరు ఇల్లు ఉండాల్సిన చోట మొదలయ్యే సందు. అమ్మకి ఇది చెప్పగానే అర్థమైపోయింది, అంకెలు కాబట్టి. ఆ చిరునామానే అట్టముక్క మీద ప్రింట్ తీయించి లామినేషన్ చేయించి పర్సులో కూడా పెట్టాను. ఫోన్ కింద పడి పగిలితే అది ఉంటుంది.

కార్తీకం కావడంతో తిండి గురించి అందరికంటే అమ్మకే ఎక్కువ బెంగ. ఆ నెలంతా మా ఇంట్లో ఉల్లీ వెల్లుల్లీ ఉండవు. పౌర్ణమి నవంబర్ 5న. ఆ రోజు 365 వత్తులు వెలిగిస్తే గానీ కదలనంది, అందుకే టికెట్లు 6వ తేదీకి తీసుకున్నాం. తైవాన్‌లో ఏం తింటుందా అని నేనూ భయపడ్డాను. తెలుసుకుంటే ఆశ్చర్యమేసింది. అక్కడ బౌద్ధుల శాకాహారంలో ఉల్లి, వెల్లుల్లి జాతివి ఐదు రకాలు నిషిద్ధం. ప్యాకెట్ మీద శాకాహారం అని రాస్తే అది ఏ రకమో చెప్పాలని 2009 నుంచి అక్కడ నిబంధన. పూర్తి శాకాహారమా, గుడ్డుతోనా, పాలతోనా, రెండింటితోనా, ఉల్లి వెల్లుల్లి ఉన్న శాకాహారమా అని ఐదు రకాలు. మొదటి రకం అచ్చంగా అమ్మ కార్తీక భోజనమే. ఆ రెండు అక్షరాల్నీ ఐదో బొమ్మగా పెట్టాను. ఇక్కడ కెమెరా అనువాదాన్ని నమ్మకూడదు. శాకాహారానికి వాడే సూ అనే అక్షరానికి సాదా అనే అర్థం కూడా ఉంది, నా ఫోన్ దాన్ని చాలాసార్లు సాదా అనే చూపించింది. సాదా నూడుల్స్ అనుకుని మనం వదిలేసి వెళ్లిపోతాం.

మిగతావి త్వరగా చెప్పేస్తాను, కానీ ఒక్కటీ వదలకండి.

వీసా చెన్నైలోని తైపే ఎకనామిక్ అండ్ కల్చరల్ సెంటర్ ద్వారా తీసుకున్నాం. 2025 అక్టోబర్ 1 నుంచి తైవాన్‌లో దిగేటప్పుడు కాగితం అరైవల్ కార్డు లేదు, ఆన్‌లైన్‌లోనే నింపాలి. అది కూడా దిగే రోజుకి మూడు రోజుల ముందు నుంచే. దీపాలు పెట్టిన రాత్రి కూర్చుని ఇద్దరివీ నింపాను. పాస్‌పోర్టులో ఇంటిపేరు ఎలా ఉంటే అలాగే, అక్షరం పొల్లు పోకుండా.

అమ్మకి ఫ్యామిలీ పెన్షన్ వస్తుంది, నాన్న పోస్టాఫీసులో చేశారు. నవంబర్‌లో లైఫ్ సర్టిఫికెట్ ఇవ్వాలి, ఆ నెలంతా ఈవిడ అక్కడుంటుంది. నవంబర్ 2న వరండాలో వెలుతురులో కూర్చోబెట్టి జీవన్ ప్రమాణ్ యాప్‌లో ముఖం స్కాన్ చేసి ఇచ్చేశాం. రెండుసార్లు కళ్లు ఆర్పమంది, అయిపోయింది. పెద్దవాళ్లని నెలల తరబడి పంపేవాళ్లు ఇలాంటివి ముందే చూసుకోవాలి.

అమ్మ పాత సిమ్ ఫోన్‌లోనే ఉంచాం, బ్యాంకు ఓటీపీల కోసం. దాని డేటా రోమింగ్ ఆపేశాం. రెండో స్లాట్‌లో అక్కడి సిమ్. కొత్త సిమ్ వెయ్యగానే వాట్సాప్ నంబరు మార్చుకుంటారా అని అడుగుతుంది, వద్దు అని నొక్కాలి. ఇది అమ్మకి కాగితం మీద రాసి మరీ చెప్పాను. లైన్ యాప్ నా ఫోన్‌లో మాత్రం ఉంచాను, రిజిస్ట్రేషన్‌కి ఎస్సెమ్మెస్ వస్తుంది కాబట్టి ఇంట్లో ఉండగానే చేసుకున్నాను. తాళం వేసి ఉన్న స్క్రీన్ మీద కూడా కనిపించే ఎమర్జెన్సీ సమాచారంలో బ్లడ్ గ్రూపు, మధుమేహం, మరిది నంబరు చైనీస్‌లో కూడా పెట్టాను. పోలీసుకి 110, అంబులెన్సుకి 119. పర్యాటకులకి 24 గంటలూ పలికే 0800-011-765 కూడా సేవ్ చేశాను.

అక్కడ కరెంటు 110 వోల్టులు. ఫోన్ చార్జర్ మీద 100-240 అని రాసుంటుంది, దానికి ఇబ్బంది లేదు, చదును పిన్ను ఉంటే చాలు. అమ్మ బియ్యం డబ్బా పక్కన సిద్ధంగా పెట్టుకున్న మిక్సీని మాత్రం ఇంట్లోనే వదిలించాను. ఆ బాధ ఆవిడకి ఇంకా ఉంది.

చివరికి అమ్మ ఫోన్ మొదటి స్క్రీన్ మీద నాలుగే ఉంచాను: గ్యాలరీ, వాట్సాప్, ఫోన్, మ్యాప్. మ్యాప్‌లో చెల్లి ఇంటికి "ఇల్లు" అని గుర్తు. తొమ్మిది యాప్‌లూ నా ఫోన్‌లోకి వచ్చేశాయి. రోజూ సాయంత్రం ఐదు నిమిషాలు పరీక్ష పెట్టేదాన్ని. "నీకు కళ్లు తిరిగాయి, ఏం చేస్తావ్?" అంటే గ్యాలరీ తీసి రెండో బొమ్మ నా ముఖం ముందు పెట్టాలి. మొదటిరోజు నిమిషం పైన పట్టింది. బయల్దేరే నాటికి నేను అడగడం పూర్తి కాకుండానే బొమ్మ ఎదురుగా ఉండేది.

సింగపూర్ మీదుగా 7వ తేదీన తాయువాన్ ఎయిర్‌పోర్టులో దిగాం. తైవాన్ డాలర్లు ఇక్కడ మా ఊళ్లో దొరకలేదు, అమెరికా డాలర్లు తీసుకెళ్లి ఎయిర్‌పోర్టులో బ్యాంకు కౌంటర్ దగ్గర మార్చాం. ఒక తైవాన్ డాలరు అప్పట్లో మూడు రూపాయల లోపు. అమ్మ మూడుతో హెచ్చించుకునేది, పనికొచ్చే లెక్కే. మన యూపీఐ అక్కడ నడవదు. అమ్మకి ఈజీ కార్డు కొన్నాం. 100 డాలర్లు కార్డు ఖరీదు, ఇంకో 500 వేయించాం. అక్కడివాళ్లు దాన్ని యోయో ఖా అంటారు. మెట్రోలో, బస్సులో, సెవెన్ ఎలెవెన్ దుకాణాల్లో ఆ కార్డు ఆనిస్తే చాలు, టక్కుమంటుంది. ఫోన్‌తో చెల్లించే యాప్‌లు నేర్పాలన్న ఆలోచన అక్కడితో మానేశాను. పిన్ను లేదు, స్కాన్ లేదు, అమ్మకి ఇంతకంటే మంచి డిజిటల్ సాధనం ఇంకోటి దొరకదు.

మెట్రోలో తినడం, తాగడం నిషేధం. మంచినీళ్లు కూడా. జరిమానా 1,500 నుంచి 7,500 తైవాన్ డాలర్లు. అమ్మ మాత్రలు రైలెక్కకముందే వేయించాను. ఎయిర్‌పోర్టు మెట్రోలో ఎ18 స్టేషన్ దాకా వెళ్లి, అక్కడ హైస్పీడ్ రైలెక్కితే షిన్‌చూ పావుగంట కూడా లేదు. టికెట్లకి యాప్ పెట్టుకున్నాను గానీ కౌంటర్‌లోనే కొనేశాను. స్టేషన్ బయట టాక్సీ ఆయనకి అమ్మే మొదటి బొమ్మ చూపించింది. ఆయన చదివి, తలూపి, డిక్కీ తెరిచాడు. అమ్మ నా వైపు తిరిగి చూసిన చూపు మర్చిపోలేను.

నాలుగో రోజు కార్తీక సోమవారం. ఉపవాసం, పగలంతా ఏమీ తినలేదు. సాయంత్రం వీధి చివర దుకాణంలో వేడి రాళ్ల మీద కాల్చిన చిలగడదుంపలు కనిపించాయి. తనే ఒకటి ఏరుకుని, కాగితం కవర్లో వేసుకుని, కార్డు ఆనించి తెచ్చుకుంది. ఆ మర్నాడు నేను ఫోన్ కెమెరా పెట్టి బోర్డులన్నీ వెతుకుతుంటే అమ్మ నా మోచెయ్యి లాగి "అదుగో అక్కడ స్వస్తిక్ ఉంది" అంది. ఒక చిన్న నూడుల్స్ కొట్టు బోర్డు మీద నిజంగానే స్వస్తిక్. అక్కడ శాకాహార హోటళ్లకి అది గుర్తు. "మనది ఇటు తిరుగుతుంది, వీళ్లది అటు తిరిగింది" అని కూడా చూసింది. నా అనువాదం యాప్‌కి అందని బోర్డు అమ్మ కంటికి అందింది. అప్పుడే దాన్ని ఫొటో తీసి ఆల్బమ్‌లో వేశాం.

ఒకచోట మాత్రం నేను తప్పు చేశాను. బస్ స్టాప్ ఫొటో తీసి ఆల్బమ్‌లో పెట్టాను, ఇంటికి దగ్గరగా ఉన్న వైపుది. తైవాన్‌లో బళ్లు రోడ్డుకి కుడివైపున నడుస్తాయి. మనకి అలవాటైన వైపు నిలబడితే బస్సు ఎదురుదిక్కుకి పోతుంది. 11న అమ్మ ఒక్కతే మార్కెట్‌కి వెళ్తానంది. వెళ్లడం బాగానే వెళ్లింది. వచ్చేటప్పుడు మన ఊరి లెక్కలో నిలబడింది, ఎదురు బస్సు ఎక్కింది. వెళ్లేముందు వాట్సాప్‌లో గంటసేపు లైవ్ లొకేషన్ పెట్టించాను కాబట్టి ఇంట్లో నుంచి చూస్తున్నాను. నీలం చుక్క దూరంగా జరుగుతోంది. ఫోన్ చేసి దిగమన్నాను. దిగింది. గొంతు వణుకుతోంది. "మొదటి బొమ్మ ఎవరికైనా చూపించమ్మా" అన్నాను. ఒక కాలేజీ అమ్మాయి చదివి, చెయ్యి పట్టుకుని రోడ్డు దాటించి, అవతలి స్టాప్‌లో నిలబెట్టి, బస్సొచ్చేదాకా పక్కనే ఉందట. సాయంత్రం నేను వెళ్లి ప్రతి స్టాపునీ రెండు వైపుల నుంచీ తీశాను. వెళ్లేటప్పుడు అని ఒకదాని మీద, వచ్చేటప్పుడు అని ఇంకోదాని మీద తెలుగులో రాసి బాణం గుర్తు పెట్టాను. ఈ పని ఇండియాలో కూర్చుని చెయ్యలేం. వెళ్లిన మొదటి రెండు రోజుల్లో వాళ్లతో కలిసి నడుస్తూ చెయ్యాల్సిందే.

ఆ వారమే అక్కడా తుపాను. ఫుంగ్-వాంగ్ 12న దక్షిణ తైవాన్‌లో తీరం దాటింది. పదిహేను రోజుల్లో రెండు దేశాల్లో రెండు తుపానులు చూసింది మా అమ్మ. ఫోన్‌లో అత్యవసర హెచ్చరికలు ఆన్‌లో ఉన్నాయో లేదో ఆ రోజు మళ్లీ చూశాను. భూకంపాల దేశం కదా, అవి ఆపకూడదు. ఫోన్ గట్టిగా మోగితే భయపడకుండా బల్ల కింద కూర్చోవాలని చెప్పాను.

13న చెల్లికి పాప పుట్టింది. నేను 19న బయల్దేరి వచ్చేశాను.

నేను వచ్చేటప్పటికి అమ్మ తైవాన్ ఆల్బమ్‌లో 23 ఫొటోలున్నాయి. నిన్న వీడియో కాల్‌లో లెక్కపెట్టమంటే 41 అంది. మిగతా పద్దెనిమిదీ తను తీసుకున్నవి. కొత్తిమీర దొరికే బండి, చెల్లికి బాలింత కూరకి సరిపోయే లేత బీరకాయలమ్మే ముసలావిడ, రంగు చూసి గుర్తుపెట్టుకున్న పాల ప్యాకెట్, లిఫ్ట్‌లో మన అంతస్తు బటన్. ఒక్కొక్కటీ వాట్సాప్‌లో పంపింది. ఆఖరిది సందు మొదట్లో ఎర్ర పూలకుండీ ఉన్న గుమ్మం. దాని కింద వాయిస్ మెసేజ్: "ఇక్కడ తిరగాలే. నువ్వు తీసిన ఫొటోలో ఇది లేదు."